నీళ్లకోసం నిలబడ్డ పెద్దమ్మ

పోయిన మంగళవారం మా పెద్దమ్మ కన్నుమూసింది. కబురు తెచ్చిన తమ్ముడు గడపలోనే కూలబడి, "పొద్దుగాల లేపితే లేవలేదక్కా" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. అలసిన మనిషి పడుకుందిలే అనిపించింది.

అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది ఆమే. రొట్టెలు కాలిస్తే మంచివి మాకు, మాడినవి తనకు. ఎవరన్నా మెచ్చుకుంటే "ఊకోండ్రి, పనుంది" అని లేచిపోయేది.

గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు నాకు పెళ్లీడు. పాలమూరు జిల్లాలోని మా ఊళ్లో పై వీధికి రాతికట్టు బావి ఉండేది. మా వాడవాళ్లం దాంట్లో చేద వేయకూడదు. వాగులో పశువులను కడిగేచోటే ఇసుక తోడి నీళ్లు పట్టుకునేవాళ్లం. పై వీధిలో ఒకరిద్దరు మంచం పట్టి, కోలుకుని లేచారు. మా వాడలో మాత్రం ఒక ఏడుపు ఆగకముందే పక్కింట్లో ఇంకో ఏడుపు. సూదులు వేసేవాళ్లు పై వీధిలో మొదలుపెట్టారు. మా దాకా వచ్చేసరికి మందు అయిపోయింది. ఆ వారమే మా పెద్దనాయిన పోయాడు.

మట్టి చేసి వచ్చిన మర్నాడు పెద్దమ్మ కుండ తీసుకుని బావి దగ్గరికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. ఊరి పెత్తనం చేసే పటేల్ అడ్డంగా వచ్చాడు.

"గత్తర మీ వాడకే ఎందుకొచ్చింది? మీకు శుభ్రం లేక."

"శుభ్రంగ ఉండనీకె నీళ్లేడున్నయి పటేలా?" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "మంచినీళ్లు పోయించు. పోసేదాక ఈడనే ఉంట."

తిట్టారు, బెదిరించారు. ఆమె ఎండలో అట్లాగే నిలబడింది. వాడలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే కుండలతో వచ్చి వెనక చేరారు. చివరికి పటేల్ తల్లి గడప దాటి వచ్చి, "పోయించు కొడుకా. సావులతోని పంతమేంది?" అంది.

ఆ రోజు నుంచి వాళ్ల జీతగాడు చేది, దూరంనుంచి మా కుండల్లో పోసేవాడు. మెల్లగా చావులు తగ్గాయి. బావిని మాత్రం ముట్టనివ్వలేదు.

"గెలిచినం పెద్దమ్మా" అన్నాను.

"ఏం గెలిచినం బిడ్డా, అడుక్కొని తెచ్చుకున్నం."

తర్వాత వాడకు సొంత బావి కావాలని తాలూకా కచేరీ చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. చివరికి తవ్వారు. నీళ్లు పడ్డ రోజు వాడంతా బావి చుట్టూ మూగింది. బురద నీళ్లే ఒకరిమీద ఒకరు చల్లుకుని నవ్వారు. నేను ముంత నిండా తీసుకెళ్లి పెద్దమ్మకు ఇవ్వబోయాను.

"మీరు తాగుండ్రి. నేను జర కూసుంట."

తవ్విపోసిన తడిమట్టి కుప్పమీద కాళ్లు బారజాపుకుని, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది.