సర్దార్ గుండెకు మీటర్

మా మామ దేవదాస్ బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. సర్దార్ అంటే గుర్రం, కత్తి అనుకునేరు! గనిలోకి ముందు దిగి, పైకప్పు గట్టిగా ఉందా, గ్యాస్ ఏమైనా చేరిందా అని మీటర్‌తో చూసి, ఆయన "రండి" అంటేనే మిగతావాళ్లు పనిలోకి పోవాలి. "బయటికి" అన్నాడంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి రావాలి. ఇప్పటికీ నస్పూర్‌లో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. చిన్నాపెద్దా అందరికీ సర్దారే.

ఆయనకు కూతురు మహిమ అంటే ప్రాణం, సైకిలంటే పిచ్చి. మహిమను చేసుకున్న నన్ను ఆ ఇంట్లో అల్లుడనే అంటారు గానీ, నా లెక్క సైకిల్ తర్వాతే. ప్రతి శనివారం పొద్దున్నే మామ గోదావరి ఒడ్డుకు తొక్కుకుంటూ పోయి, వలలోంచి అప్పుడే తీసిన చేపలు తెచ్చేవాడు.

పోయిన ఎండాకాలం అట్లా చేపలతో వస్తుంటే దారిలో గుండెనొప్పి వచ్చింది. ఆగాడా మహానుభావుడు? ఆగలేదు. ఒళ్లంతా చెమటలు కారుతుంటే ఇంటిదాకా తొక్కి, చేపల సంచి మా అత్త ఎలీసబెతు చేతిలో పెట్టి, అప్పుడు కూలబడ్డాడు. దేవుడి దయవల్ల స్టెంటు వేసి బతికించారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే అత్త సైకిల్‌కు గొలుసు చుట్టి, తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది.

కొన్నాళ్లకు డాక్టరు మెల్లగా సైకిల్ తొక్కొచ్చన్నాడు, గుండె నిమిషానికి నూట ఇరవై సార్లకు మించి కొట్టుకోకుండా చూసుకుంటే చాలన్నాడు. అత్త వింటేగా!

"ఈయన పడితే పట్టుకోనీకి డాక్టర్ వచ్చి రోడ్డు మీద నిలవడ్తడా?" అంది.

మామ పొద్దున లేవగానే ఆ తాళం వేసిన సైకిల్‌నే తుడిచి, నూనె పెట్టి, గోడకు ఆనించేవాడు. చేపల కూర ఎదురుగా పెట్టినా సరిగా తినేవాడు కాదు.

నేను మంచిర్యాలలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో పనిచేస్తాను. ఇట్లాంటి విషయాల్లో నాకు తెలివి కాస్త ఎక్కువే. సైకిల్ కంప్యూటర్ ఒకటి తెప్పించాను. అగ్గిపెట్టెంత తెర, చక్రానికి ఒక బిళ్ల, ఛాతీకి ఒక పట్టీ. వైర్లు లేవు. పట్టీ గుండె చప్పుడు పట్టుకుని తెరకు పంపిస్తుంది. హద్దు దాటితే తెర బీప్‌మంటుంది.

"సైకిల్‌కు కంప్యూటరా? మీ మామ గోదారి కాడ ఆఫీస్ గిట్ల తెరుస్తుండా?" అంది అత్త.

మామ పట్టీ కట్టుకున్నాడు. తెర అందుకుని చూసిందో లేదో, అత్త కెవ్వుమంది.

"ఓ ప్రభువా! సున్నా చూపిస్తుంది!"

మామ చాయ్ ఊదుకుంటూ, "అయితే నేను పోయిన్నా?" అన్నాడు.

పట్టీని లోపలివైపు తడిపితే గానీ పనిచేయదు. ఆ ముక్క నేను చెప్పేలోపే నాకు పడాల్సిన తిట్లు పడిపోయాయి. తడిపాక అంకె వచ్చింది. అత్త దాన్నే చూస్తూ కూర్చుంది. మొగుడి గుండెను అరచేతిలో పెట్టుకున్న ఆడమనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

"సరే. ఒక్కపారి గోదారి దాకా తొక్కనిస్త," అంది చివరికి. "మీటర్ నా చేతిలనే ఉంటది. ఒక్క బీప్ అన్నదా, సైకిల్ పాత ఇనుప సామానోనికే. మళ్ల అడగద్దు."

శనివారం తెల్లారగానే బయల్దేరాం. సైకిల్ మీద మామ. పక్కనే స్కూటర్ మీద నేను, వెనక సీట్లో తెర పట్టుకుని అత్త. దూరం జరిగితే అంకె పోతుంది కాబట్టి సైకిల్‌ను అంటిపెట్టుకునే పోవాలి. ఇక అత్త అరుపులు చూడాలి!

"తొంభై ఆరు! జర నిమ్మళంగ!... నూట నాలుగు! ఏందయ్యా ఉరుకుడు? చేపలు యాడికి పోతయి?"

చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డ ఒకాయన, "ఏందక్కా, వేలం పాటనా?" అని అడిగాడు.

"కాదయ్యా, మా ఆయన గుండె!" అంది అత్త.

మామకు ఇవేవీ పట్టలేదు. చొక్కా గాలికి ఉబ్బింది. చర్చిలో పాడే కీర్తన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో!

అంతలో రైలు పట్టాల మీది వంతెన వచ్చింది. ఎక్కుడు మొదలైంది. నేను లోపల ప్రార్థన అందుకున్నాను. సగం ఎక్కేసరికి అత్త అరుపులు ఆగిపోయాయి. ఆ వెంటనే బీప్.

అయిపోయింది, సైకిల్ పాత ఇనుముకే అనుకున్నాను.

మామ రెండు బ్రేకులూ పట్టి, కిందికి దిగి, చెయ్యి పైకెత్తాడు.

"బయటికి! అందరు బయటికి!"

గనిలో వాడిన గొంతు అది. నా స్కూటర్ దానంతటదే ఆగినట్టయింది. వెనక వస్తున్న కూరగాయల ఆటో ఆగింది. నైట్ షిఫ్టు దిగి వస్తున్న గని కార్మికుడొకడు ఎందుకని కూడా అడక్కుండా బండి వెనక్కి తిప్పేశాడు.

మామ సైకిల్‌ను పక్కకు తీసి, వంతెన అంచున కూర్చుని, "మీటర్ దిగినంక చెప్పు," అన్నాడు అత్తతో.

అత్త స్కూటర్ దిగింది. తిట్లు వస్తాయని చూస్తున్నాను. ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి.

"గా దినం ఎందుకు ఆగలే నువ్వు?" అంది. "గంత నొప్పి వెట్టుకొని ఇంటిదాంక ఎందుకు తొక్కినవ్? ఏం చెప్పినా ఆగవనే కదా తాళమేసిన!"

మామ తెల్లబోయాడు.

"గా దినం మీటర్ యాడిదే? గనిల గ్యాస్ ముక్కుకు తెలుస్తదా? అరగక నొస్తుందనుకున్న. మీటర్ మోగినంక గూడ ముందటికి పోతే, నేనేం సర్దార్‌ను?"

అత్త ఆయన పక్కనే కూర్చుంది. తెరలో అంకె మెల్లగా దిగుతుంటే ఇద్దరూ తలలు ఆనించి చూశారు. ఆటో అతను హారన్ కొట్టి కొట్టి విసిగి పక్కనుంచి వెళ్లిపోయాడు.

"మోగితే ఆగుతవ్ కదా?" అంది అత్త.

"ఆగుత."

"నేను లేకున్నా?"

"నువ్వు లేకున్నా ఆగుతనే."

అత్త కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి ఆయన జేబులో వేసింది. తెరను తీసుకుపోయి తన చేత్తోనే సైకిల్ హ్యాండిల్‌కు బిగించింది.

"మరి పాత ఇనుప సామానోడు అత్తా?" అన్నాను, ఊరుకోలేక.

"నువ్వు నోర్మూసుకొని స్కూటర్ నడుపు."

వంతెన పైదాకా సైకిల్ తోసుకుంటూ ఇద్దరూ నడిచారు. అక్కడ మామ సైకిల్ ఎక్కి, వెనక క్యారేజీ తట్టి, "ఎక్కు, ఇగ దిగుడే కదా," అన్నాడు. రోడ్డు మీద నలుగురూ చూస్తున్నారని గొణుగుతూనే అత్త ఎక్కి కూర్చుంది. నేను ఖాళీ స్కూటర్‌తో వెనక పడ్డాను. ఆ దిగుడులో మామ గుండె ఎంత కొట్టుకుందో నాకు తెలియదు. అత్త ఈసారి అంకెలు అరవలేదు, నవ్వుతూనే ఉంది.