రెండు గేములకో ముద్ద

మా అత్తగారు మనిషిని చూసి బరువు చెప్పేస్తుంది. గొప్ప కోసం చెప్పే మాట కాదిది. మామగారిది బెల్లం వ్యాపారం. కాటా మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఆయన ఓ దిమ్మను ఇంటికి మోయించుకొచ్చి ఆవిడ ముందు పెట్టించేవారు. ఆవిడ దాన్ని తాకేది కూడా కాదు. పోపు వేస్తూ వేస్తూ ఓ చూపు చూసి "పదమూడున్నర" అనేది. కొత్తలో నేను నమ్మక ఓసారి మళ్ళీ తూయించాను. పదమూడున్నరే.

కాపురానికి వచ్చిన రోజు గడప దాటుతుంటే నన్నూ అలాగే చూసింది. వీధి ఆడవాళ్ళతో ఇల్లు నిండుగా ఉంది. "నలభై రెండు" అంది. అందరూ నవ్వారు. మాకవరపాలెంలో ధాన్యం వ్యాపారం చేసే ఇంట్లో, తిండికి లోటు లేకుండా పెరిగినదాన్ని. నలుగురిలో నన్ను దిమ్మను చూసినట్టు చూసిందని ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇరవై నాలుగేళ్ళు ఆరలేదంటే నా గుణం ఎలాంటిదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అలాగని మేమెప్పుడూ కొట్లాడుకోలేదు. అవసరమైనంత మాట్లాడుకున్నాం. "తిందురు రండి" అని నేనెప్పుడూ పిలవలేదు. "వడ్డించేశాను" అని గోడకి చెప్పినట్టు చెప్పేదాన్ని. ఆవిడ వచ్చి తినేది.

పోయిన శీతాకాలంలో మామగారు పోయారు. ఆయనతో పాటే ఆవిడ ఆకలీ పోయింది. ముద్ద గొంతు దిగడం లేదనేది. పరీక్షలన్నీ చేయించాం, ఏ జబ్బూ లేదన్నారు. యాభై కేజీల మనిషి నాలుగు నెలల్లో ముప్పై తొమ్మిదికి దిగింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ముప్పై ఎనిమిది కంటే తగ్గితే ఆస్పత్రిలో పెట్టుకుని ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదని, నెలనెలా తీసుకొచ్చి తూయించమని చెప్పారు.

ఆ గొట్టం మా ఇంటికి కొత్త కాదు. మామగారికి ఆఖరి పది రోజులూ అదే ఆధారం. మంచం పక్కన కూర్చుని అదంతా చూసిన మనిషి, ఆయన పోయిన మర్నాడే మా ఆయన చేతిని తన తల మీద పెట్టించుకుంది. "నాకు మట్టుకు అది పెట్టించకురా" అని ఒట్టు వేయించుకుంది. అటు ఒట్టు, ఇటు డాక్టరు. మధ్యలో గిన్నె పట్టుకుని నేను.

మామగారు క్రికెట్ చూసే స్పోర్ట్స్ ఛానల్‌ని ఆయన పోయాక ఆవిడ ఎవర్నీ మార్చనివ్వలేదు. చూసేది కాదు, అలా మోగుతూ ఉండాలి, అంతే. క్రికెట్ అయిపోయింది. కబడ్డీ వచ్చి పోయింది. ఎండాకాలం సెలవులకి నా బడి మూసేసరికి టెన్నిస్ వచ్చింది. ఓ మధ్యాహ్నం ఎర్రమట్టి మీద పొడుగాటి పిల్లొకతి ఆడుతోంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆట మధ్యలో బెంచీ మీద కూర్చుని అరటిపండు సగం కొరికి, మిగతా సగం తొక్కలోనే చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఏటే, సగమే తింది?" అంది అత్తగారు.

నెలల తరవాత ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆట మధ్యలో ఎక్కువ తినరని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"యాబై ఏడుంది. ఆ పొడుగుకి అరవై ఉండాల. వాళ్ళమ్మేదీ?"

నేను బడిలో సోషల్ చెప్తాను. దేశం పేరు వినగానే నాకు మ్యాపు కనిపిస్తుంది గానీ వాళ్ళమ్మ ఎలా కనిపిస్తుంది? వ్యాఖ్యానం చెవులు రిక్కించి విన్నాను, ఫోన్‌లో వెతికాను, ఆవిడకి చెప్పాను. ఆ పిల్లది ఉక్రెయిన్. చిన్నప్పుడు వాళ్ళ నాన్నే గోడకి కొట్టించి ఆట నేర్పాడు. పదహారేళ్ళప్పుడు యుద్ధం వచ్చింది. ఓ సంచీ, రెండు రాకెట్లతో తల్లీ కూతుళ్ళు ఊరు దాటారు. ఎవరికీ తెలియని చిన్న చిన్న పోటీలు ఆడుకుంటూ, ఊరికో మంచం మారుస్తూ ఇంతవరకూ వచ్చింది. రెండేళ్ళ కిందట ఇంటి దగ్గర ముసలావిడ మంచాన పడితే, చూసుకోవడానికి తల్లి వెనక్కి వెళ్ళిపోయింది. అప్పట్నించీ పిల్ల ఒక్కతే తిరుగుతోంది.

"ఆ ముసలమ్మ ఎవరు? వాళ్ళమ్మకి తల్లా?"

"కాదు. నాన్నకి తల్లి."

"అయితే అత్తగారి కోసం ఎల్లిందా!" అని నన్నోసారి చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది. తరవాత, "పిల్లకెవరు పెడతన్నారయితే?" అంది.

"హోటళ్ళలో తింటారు అత్తయ్యా."

"హోటల్లో ఉంటాది. తినమని ఎవులంటారే?"

నా చేతిలో పెరుగన్నం గిన్నె అలాగే ఉంది. రెండు గేములయ్యాక పిల్ల మళ్ళీ కూర్చుంది, మిగిలిన అరపండు తీసింది. ఆవిడ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా నోరు తెరిచింది. గబుక్కున ఓ ముద్ద పెట్టాను. పిల్ల లేచి ఆటకి వెళ్ళింది, ఈవిడ నోరు మూసేసింది. మళ్ళీ పిల్ల కూర్చుంటే గానీ తెరవలేదు.

ఇక అదే పద్ధతి. రెండు గేములకో ముద్ద. ఆట ఎక్కువసేపు సాగితే గిన్నె ఖాళీ. పిల్ల తొందరగా గెలిచేసినా, తొందరగా ఓడిపోయినా సగం గిన్నె వెనక్కి. రాకెట్ పట్టుకోవడం తెలియని నేను ఎవరెవరితో ఎప్పుడు ఆట ఉందో ఫోన్‌లో చూసి క్యాలెండర్ మీద రాసుకునేదాన్ని. చిన్న మైదానాల్లో జరిగేవి టీవీలో రావు. మా ఆయన చేత ఫోన్‌లో యాప్ పెట్టించి టీవీకి కలిపించాను. ఏ రోజు ఆట ఉంటే ఆ రోజు మా ఇంట్లో పప్పు మెత్తగా ఉడికేది.

ఓ రోజు ఆట అయిపోయాక ఆ పిల్ల అవతలి అమ్మాయికి చెయ్యి ఇవ్వకుండా తల తిప్పుకుని వెళ్ళిపోయింది. పొగరేమో అనుకున్నాను. అవతలి అమ్మాయిది ఏ దేశమో చూసి చెప్పాక అత్తగారు, "ఇంటి మీద పడ్డోల్లతో సేతులేటి కలుపుతారు?" అని ఆ పిల్ల తరఫున నాకు చీవాట్లు పెట్టింది.

ఇంకో రోజు సంగతి ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది. పిల్ల మొదటి సెట్ ఇట్టే గెలిచేసింది. రెండో దాంట్లో కూడా గెలుపు అంచుకి వచ్చేసింది, అదీ గెలిస్తే ఆట అయిపోయినట్టే. దిగినవి ఏడు ముద్దలు. గిన్నె చూశాను, ఆవిడ మణికట్టు చూశాను. తల్లీ నూకాలమ్మా, ఈ ఒక్క సెట్టూ దాన్ని ఓడించమ్మా అని మొక్కాను. ఓడిపోయింది. తల మీద తువ్వాలు కప్పుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది. పరాయి దేశంలో దిక్కులేకుండా ఉన్న పిల్లని నా గిన్నె కోసం ఏడిపించానని నాకూ కళ్ళు నిండాయి, అయినా ముద్ద కలపడం మానలేదు. మూడో సెట్ గెలిచింది గనక సరిపోయింది. మర్నాడు గుడికి వెళ్ళి తప్పు ఒప్పుకుని కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

ఆ నెల కాటా మీద ఆవిడ నలభైకి వంద గ్రాములు తక్కువ ఉంది. నేను గాల్లో తేలిపోయాను.

తరవాత ఎర్రమట్టి ఆటలు అయిపోయి పచ్చిక మీద ఆటలు వచ్చాయి. రెండో రోజే ఆ పిల్ల జారిపడింది, చీలమండ మెలితిరిగింది. మూడు నెలలు ఆడదని ఫోన్‌లో చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. "ఇయాల ఆటుందా?" అని ఆవిడ అడిగితే అక్కడ వాన, ఆపేశారని చెప్పాను. మర్నాడూ వానే. మూడో రోజూ వానే. ఆ మూడు రోజుల్లో ఆవిడ తిన్నవి మొత్తం అయిదారు ముద్దలు. మళ్ళీ కాటా ఎక్కించడానికి వారం కూడా లేదు.

నాలుగో రోజు పాత ఆటొకటి వెతికి పట్టుకున్నాను. అదే పిల్ల, అదే జడ, అలాంటి తెల్ల బట్టలే. ముందే చూసుకున్నాను, మూడు సెట్ల ఆట. "వాన తగ్గింది అత్తయ్యా" అని టీవీలో పెట్టి, పప్పన్నం కలుపుకుని కూర్చున్నాను. పిల్ల బెంచీ మీద కూర్చుంది. ముద్ద ఎత్తాను. ఆవిడ నోరు తెరవలేదు. గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఎప్పటాట?"

"ఇవాళ్టిదే."

"నాకు సెప్పకు. ఈ పిల్ల అరవై ఒకటుంది. మొన్నాడిన పిల్ల యాబై ఏడు. ఇది వాళ్ళమ్మ దగ్గరున్నప్పటిది."

నిజమే. తల్లి వెంట ఉన్న రోజుల్లోదే అది. ఆ తేడా నా కళ్ళకి ఏమీ కనిపించలేదు.

"దెబ్బ తగిలిందా పిల్లకి?"

చెప్పేశాను. చీలమండ సంగతీ, వాన అబద్ధమూ, అన్నీ. తిట్లకి సిద్ధపడి తల దించుకుని కూర్చున్నాను. టీవీలో పాత పిల్ల పాత గేములు గెలుస్తూనే ఉంది.

"ఆ పిల్లని అడ్డమెట్టి తినిపిత్తన్నావు," అంది చివరికి. గొంతులో కోపం లేదు. "ఇన్నేళ్ళలో తినమని నోరు తెరిచి ఒక్కసారడిగేవా నన్ను?"

"అడిగితే తింటారా?"

"అడిగి సూడు."

ఇరవై నాలుగేళ్ళు మూసుకున్న నోరు అంత సులువుగా తెరుచుకోదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాను. "తినండి అత్తయ్యా" అన్నాను మూడోసారికి. "మీరు తినకపోతే వాళ్ళు గొట్టం వేస్తారు. అది నేను చూడలేను. మిమ్మల్ని అలా చూడలేను," అని ఎంగిలి చేత్తోనే ముఖం కప్పుకుని ఏడ్చాను. పప్పు ముక్కులోకి పోయింది.

ఆవిడ నా చెయ్యి కిందికి దింపి, నన్ను పైనించి కిందికి చూసింది. గడప దగ్గర చూసిన చూపే.

"గడప దాటిన నాడు నలభై రెండు. పిల్లలు పుట్టేక యాబై. మీ మాంగారు పోయిననాటికి యాబై ఆరు. ఇయాల యాబై రెండు. నువ్వు తినట్లేదు, నేను సూడట్లేదనుకున్నావా?"

నా తిండి సంగతి నాకే పట్టలేదు. మా ఆయనకీ తెలియదు. ఆవిడ మాత్రం ఇన్నేళ్ళూ నన్ను చూస్తూనే ఉంది. ఆ చూపునే నేను ఇన్నేళ్ళూ తప్పు పడుతూ వచ్చాను.

"ఎల్లి కంచం తెచ్చుకో. నువ్వో ముద్ద, నేనో ముద్ద," అంది.

తెచ్చుకున్నాను. టీవీ కట్టేశాను. ఆ వారం కాటా మీద ముల్లు ముప్పై ఎనిమిదిన్నర దగ్గర ఆగింది. గొట్టం మాట డాక్టరు ఎత్తలేదు. తరవాతి నెల నలభై, ఆ తరవాత నలభై ఒకటిన్నర. ఆటలు లేకుండానే.

దసరా సెలవుల్లో ఆ పిల్ల మళ్ళీ ఆడింది. చైనాలో పోటీ, మనకి పొద్దున్న పూట వచ్చింది. ఇద్దరం ఉప్మా కంచాలు పట్టుకుని కూర్చున్నాం. చీలమండకి కట్టుంది, పరుగులో భయముంది. రెండు సెట్లలో గంట తిరక్కుండానే ఓడిపోయింది. అప్పటికే మా కంచాలు ఖాళీ. పిల్ల సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే, "ఇంకా తేరుకోలేదు పాపం" అన్నాను.

"యాబై ఆరు," అంది అత్తగారు.

"అయ్యో, ఇంకో కేజీ తగ్గిపోయిందా?"

"ఆ పిల్ల కాదే," అంది ఆవిడ నా వైపే చూస్తూ. "నువ్వు."