వేరుశనగ నూనె పోసిన వైరు

బండి రిపేరు నాకు వచ్చునని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే. నన్నెవరూ అడగలేదు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తొంభైల చివర్లో నేను ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలకు డిజైను అట్టలు గుద్దే పనిలో ఉండేవాణ్ణి. చీర అంచులో నెమలి రావాలంటే అట్టలో ఏ వరసలో ఎక్కడ చిల్లు పడాలో చూసుకుని గుద్దాలి. ఒక్క చిల్లు తప్పితే నెమలి తోక తెగిపోతుంది. మా పల్లె పెనుకొండకు ఏడెనిమిది మైళ్ళు. పొద్దున్నే స్టేషను దాకా బండి, అక్కడినుంచి రైలు. బండి సెకండ్ హ్యాండు మోటారు సైకిలు, హిందూపురంలో కొన్నాను. దాని రోగాలన్నీ చూసేది కూడా హిందూపురంలోనే, పరిగి రోడ్డులో ఉండే ఒక ముసలి మేస్త్రీ. ఆదివారాలు ఆయన షెడ్డులో కూర్చుని చూసి చూసి, చిన్న పనులు నేనే చేసుకోవడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే కార్బరేటర్ పని నాకు ఇష్టం. ఎందుకంటే అదీ చిల్లుల వ్యవహారమే. ఆ రోజుల్లో పెట్రోలులో ఏం కలిపేవాళ్ళో దేవుడికెరుక, నెలకోసారైనా అందులో పెట్రోలు దిగే సన్న చిల్లు, జెట్టు, మూసుకుపోయేది. బండి గుక్క పట్టిన పిల్లలా ఎగిసెగిసి ఆగిపోయేది. పెట్రోలు ట్యాపు కట్టి, కింది గిన్నె విప్పి, చిన్న ఇత్తడి జెట్టు బయటికి తీసి నోటితో ఊది, ఆకాశం వైపు పెట్టి చూడాలి. సూదిమొనంత వెలుగు చుక్క కనిపిస్తే పని అయినట్టే. ఆ చుక్క కనిపించినప్పుడల్లా నేను పెద్ద మొనగాణ్ణని నాకనిపించేది.

మేస్త్రీకి నా సంగతి తెలుసు. ఒకసారి కసిరినట్టే చెప్పాడు.

“ఏమబ్బా, అన్నిటికీ కార్బరేటర్ ఇప్పుకుంటా కూర్చోవద్దు. రేజు దిగల్యా, పిడి వదిలినా ఇంజను అరుస్తానే ఉండాది అనుకో, ముందు ఇంజను ఆపు. యాక్సిలేటర్ పిడి తిప్పి వదిలేయ్. టక్కుమని దానంతట అదే వెనక్కి రావల్ల. నిదానంగా వచ్చిందా, వైరు పోయినట్టే. వైరు మార్చు. కార్బరేటర్ జోలికే పోవద్దు.”

విన్నాను. తలూపాను. తలూపడంలో నాకు సాటి లేరు.

ఆ ఎండాకాలం యాక్సిలేటర్ వైరు, అంటే సన్న గొట్టంలో జారే తీగ, బిగుసుకుంది. పిడి తిప్పితే మణికట్టు నొప్పి పుట్టేది. కొత్త వైరు కోసం హిందూపురం పోవాలి. ఆ ఆదివారం నాకు బద్ధకమేసింది. మా వైపు ఇంట్లో ఏం బిగుసుకున్నా మందు ఒకటే. బావి గిలక కిర్రుమన్నా, తలుపు బందు పట్టేసినా, సైకిలు చెయిను ఎండినా, మడమలు పగిలినా వేరుశనగ నూనె. మా కాయలే, మా గానుగ నూనే. ఇంట్లో డబ్బా నిండా ఉండేది. వంటింట్లోకి పోయి అడిగితే అమ్మ చిన్న గిన్నెలో పోసిచ్చింది.

“సాలునా నాయనా, ఇంగొంచెం పోస్తునా? మొన్న ఆడించిన నూనె, బాగా జారుతాది.”

వైరు పైకొసను పిడి దగ్గర విప్పి, ప్లాస్టిక్ కవరు మూల కోసి దానికి దారంతో కట్టి, అందులో ఆ నూనె పోసి వేలాడదీశాను. పొద్దున పెట్టినది అన్నాల వేళకు కింద కార్బరేటర్ వైపు కొస నుంచి బొట్టు బొట్టుగా కారింది. తుడిచి బిగించాను. పిడి వెన్నలా తిరిగింది. నాయన కూడా వచ్చి ఒకసారి తిప్పి చూసి, “ఓయబ్బా, కొత్త బండి మాదిరి అయిపాయ గదరా” అని నవ్వాడు.

నాయన బండి నేర్చుకుంది నలభై ఎనిమిదేళ్ళ వయసులో, పంట తీసేసిన మా చేలోనే. నేనే నేర్పాను. ఆయన స్పీడు ముప్పై దాటింది నేనెప్పుడూ చూడలేదు. సైకిలోళ్ళు కూడా దాటుకుని పోయేవాళ్ళు. అమ్మ వెనకాల ఒక పక్కకు కూర్చుని, “నడిచి పోయింటే ఈ పాటికి చేరిందుము” అని సతాయించేది. ఆయనకు కోపం వచ్చేది కాదు. ఇంకాస్త నిదానంగా పోయేవాడు.

మూడు నాలుగు వారాలు గడిచాయి. మే నెల ఎండ, మా రోడ్ల దుమ్ము. బండికి కొత్త రోగం వచ్చింది. పిడి వదిలేసినా ఇంజను ఒకపట్టాన దిగేది కాదు, ఒక్కోసారి రెండు మూడు క్షణాలు అరిచి అప్పుడు దిగేది. మేస్త్రీ చెప్పిన పరీక్ష చెయ్యడానికి ఎంతసేపు? ఇంజను ఆపి, పిడి తిప్పి, వదలడం. అంతే. ఆ పని చెయ్యలేదు నేను. నా బుర్రంతా చిల్లుల మీదే ఉంది. వాకిట్లో పాత పేపరు పరిచి కార్బరేటర్ మొత్తం విప్పాను. అమ్మ వడియాలు ఎండబెట్టిన చాప పక్కనే. “పెట్రోలు వాసన పడతాది, యాడన్నా దూరంగా పోరా” అని తిట్టింది. జెట్లు ఆకాశం వైపు పెట్టి చూశాను. వెలుగు చుక్కలు చక్కగా కనిపించాయి. అంటే అక్కడ ఏ తప్పూ లేదన్నమాట. అయినా ఊదాను, తుడిచాను, ఇంజను నిదానంగా తిరిగేటట్టు స్లో స్క్రూ తగ్గించాను. మూత పెట్టేటప్పుడు వైరును పదిసార్లు లాగి వదిలి ఉంటాను. ఆ లాగుడుకు అది అప్పటికి వదులైంది. స్టార్టు చేస్తే బండి గడియారంలా నడిచింది.

మరుసటి రోజు పెనుకొండలో చుట్టాలింట్లో పిల్లకు పేరు పెడుతున్నారు. నాయన బస్సుకు పోదామన్నాడు.

“బస్సేంటికి నాయనా, నిన్ననే అంతా ఇప్పి బాగు చేస్తి. బండేసుకొని పోండి, స్టేషనుకు నేను బస్సులో పోతా, ఎండకు ముందే చేరుకుంటారు” అన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను. నా పనితనం చుట్టాలు చూడాలి కదా మరి.

పెనుకొండకు ఇంకా మైలు ఉందనగా రోడ్డు పల్లంలోకి దిగి మలుపు తిరుగుతుంది. మలుపు దాటగానే కాయల మూటలతో ఒక ట్రాక్టరు ఆగి ఉంది. నాయన పిడి మూశాడు. ఇంజను దిగలేదు. బ్రేకు తొక్కితే బండి పక్కకు లాగింది. ట్రాక్టరును తప్పించి, రోడ్డు కింద నీళ్ళు పారే మోరీ గోడకు కొట్టుకున్నారు. నాయనకు భుజం విరిగింది. అమ్మ తల మోరీ రాయికి తగిలింది. అనంతపురం తీసుకుపోతుండగానే దారిలో పోయింది.

నేను ధర్మవరం నుంచి వచ్చేసరికి ఇంటి ముందు జనం. నాయన భుజానికి కట్టుతో గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఒకటే మాట.

“మూసినా రా. నేను పిడి మూసినా. తగ్గల్యా.”

ఏడుస్తూ కాదు, ఏదో అర్థంకాని సంగతి అడుగుతున్నట్టు అన్నాడు. అమ్మ తమ్ముడు, మా మామ, ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మూసింటే ఎందుకు తగ్గదు బావా? గాబరాలో ముయ్యబోయి రేజు ఎత్తింటావు. ముదురు వయసులో నేర్చుకున్నోళ్ళకు అట్లే అయితాది” అన్నాడు మామ. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. ఇంకొకరు తాళం తిప్పింటే ఆగేది కదప్పా అన్నారు. నాయన ఒక్కొక్కరి మొహంలోకి చూశాడు. అప్పటికి నాకూ ఏమీ తెలియదు. అంతవరకు నేను నోరు విప్పకపోవడంలో నా తప్పు లేదు. ఆ తర్వాతదంతా నా తప్పే.

పన్నెండో రోజు బండి దగ్గరికి పోయాను. ఎవరో తెచ్చి దొడ్లో గోడకు ఆనించారు. ముందు చక్రం వంకర పోయింది, పిడి వైపు ఏమీ కాలేదు. ఎందుకు చేశానో తెలియదు, పిడి తిప్పి వదిలాను. అది వెనక్కి రాలేదు. నా చెయ్యి ఎక్కడ వదిలిందో అక్కడే నిలబడింది.

 పానా తెచ్చి వైరు విప్పాను. లోపలి తీగ లాగితే రాలేదు. పటకారుతో పట్టి లాగితే వచ్చింది, ఒళ్ళంతా గోధుమరంగు జిగురుతో. వేరుశనగ నూనె ఎండకు, దుమ్ముకు అలాగే అవుతుంది. మా వంటింట్లో నూనె డబ్బా అంచుకు ఎప్పుడూ ఆ జిగురే పట్టి ఉండేది, అమ్మ వారానికోసారి బూడిద వేసి గీకేది. పుట్టినప్పటి నుంచీ చూశాను దాన్ని. చూసి కూడా పోశాను. తీగ ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన నూనె వాసనతో మా వంటిల్లే వచ్చింది. అప్పుడు ఏడ్చాను. అమ్మ పోయినప్పటి నుంచీ అదే మొదటిసారి.

ఆ వైరు పట్టుకుని నాయన దగ్గరికి పోయి ఉండాలి. నువ్వు మూసింది నిజమే నాయనా, చంపింది నేను అని చెప్పి ఉండాలి. ఇంట్లో మామ ఉన్నాడు, పిన్నమ్మలున్నారు. భయం వేసింది. వైరును చుట్టి క్యారియరు సంచిలో పెట్టుకున్నాను. మరుసటి రోజు ధర్మవరం రైలులో కిటికీ నుంచి తుమ్మకంపల్లోకి విసిరేశాను.

నెల తర్వాత చక్రం సరిచేయించి, కొత్త వైరు కోసం మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన అడిగాడు.

“పాత వైరు యాడుండాదబ్బా? పొడుగు చూడల్ల.”

“పారేస్తి మేస్త్రీ. తెగిపోయింటే.”

ఆయన నా మొహం చూశాడు. అంచనా మీద ఒకటి తీసి బిగించాడు. పిడి తిప్పి వదిలాడు. టక్కుమని వెనక్కి వచ్చింది. ఆ టక్కు విని నేను షెడ్డు బయటికి వచ్చేశాను.

ఇంటికి వస్తే నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“నువ్వు బండి ఇప్పి చూసినావు గదా. దాంట్లో ఏమన్నా తప్పుండెనా?” అని అడిగాడు.

నోరు తెరిచాను. “ఏం లేదు నాయనా. బండి బాగానే ఉండాది” అన్నాను.

ఆయన సరే అన్నట్టు తలాడించాడు. ఆ రోజు నుంచి “మూసినా” అనడం మానేశాడు. కొన్నాళ్ళు “ఎత్తినానేమో” అన్నాడు. తర్వాత “ఎత్తినా” అన్నాడు. బండి మళ్ళీ ముట్టలేదు, వెనకాల కూర్చోలేదు, ఎంత దూరమైనా నడిచే పోయేవాడు. అరుగు మీద ఒంటరిగా ఉన్నప్పుడు కుడి మణికట్టు గాలిలో తిప్పుకునేవాడు. ఇటు ఒకసారి, అటు ఒకసారి. తను ఎటు తిప్పాడో చేతినే అడుగుతున్నాడు. నేను అది చూడకుండా ఉండటానికి దొడ్డిదారిన పోయేవాణ్ణి. ఎంత పిరికి పంద నేను!

పన్నెండేళ్ళు అలాగే నడిచాయి. బండి అమ్మేశాను. ధర్మవరంలో కంప్యూటరు డిజైన్లు వచ్చి నా అట్టల పనీ సన్నగిల్లింది. ఆ ఏడు అమ్మ సంవత్సరీకానికి మామ వచ్చాడు. అందరూ భోజనాలకు కూర్చోబోతుండగా నాయన లేచి మామ ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

“మీ అక్కను నా చేతుల్తో చంపుకుంటి. నన్ను మన్నించప్పా.”

మామ “ఏంది బావా ఇది” అని ఆ చేతులు పట్టుకుని ఏడ్చాడు.  అందరూ వెళ్ళిపోయాక అరుగు మీద నాయన కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. నూనె గిన్నె, కవరు, కార్బరేటర్, వెనక్కి రాని పిడి, తీగకు పట్టిన జిగురు. ఒక్కటీ దాచలేదు. 

“యాడుండాది ఆ వైరు?” అన్నాడు చివరికి.

“పారేసినా నాయనా.”

“అప్పుడు అడిగితే బండి బాగుండాదంటివి.”

“అప్పుడు అబద్ధం చెప్పినా.”

 ఆయన చిన్నగా నవ్వాడు. పన్నెండేళ్ళలో ఆ నవ్వు నేను చూడలేదు.

“అప్పుడు కాదులే, ఇప్పుడు చెప్తాండావు అబద్ధం. నేను మీ మామకు మొక్కేది చూసి నీకు కడుపు కాలినాది. అందుకే తప్పు నీ నెత్తిన ఏసుకుంటాండావు. శెనక్కాయ నూనె పోస్తే బండి నిలబడకుండా పోతాదా యాడన్నా? మీ అమ్మ చేతి నూనె రా అది. ఇంకెవురితోనూ అనొద్దు ఆ మాట.”

“లేదు నాయనా, నిజం. నీ మీద ఒట్టు” అన్నాను. చెయ్యి పట్టుకుని బతిమాలాను. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మేస్త్రీ పోయి నాలుగేళ్ళయింది. ఆయనకు కూడా తెగిపోయిందనే చెప్పాను.

“మంచోనివిరా నువ్వు” అన్నాడు నాయన, కుడి చేత్తో నా వీపు నిమురుతూ. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ నేను తల ఎత్తలేదు.