కాలిన కొండ మీద హనియా మొలకలు

హనియా కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా ఊళ్ళో చాలా తక్కువ. టీ కూడా ఆమె నిలబడే తాగుతుంది. గ్లాసు సగం ఖాళీ అయ్యేసరికి చూపు మరో పని మీదికి వెళ్ళిపోతుంది. చేతిలో చీపురు లేకపోతే జల్లెడ ఉంటుంది, జల్లెడ లేకపోతే కాలు విరిగిన కోడిపిల్ల ఏదో ఉంటుంది. ఓపిక అనే మాటను ఆమె విషయంలో ఎవరూ వాడరు గాని, శ్రద్ధ లేదని మాత్రం అత్తగారు తరకీ కూడా ఏనాడూ అనలేదు. తరకీకి అనడానికి నోరు లేక కాదు.

మక్తర్ పట్టణానికి ఎగువన ఉన్న మా కొండల్లో పైన్ చెట్టే ఆడవాళ్ళ జీవనాధారం. వానలు ముఖం చాటేసిన ఏడు గోధుమ ఎండిపోతుంది, బాదం పూత రాలిపోతుంది. పైన్ మాత్రం రాతి పగుళ్ళలోకి వేరు దించుకుని పచ్చగానే నిలబడుతుంది. దాని కాయలు రాళ్ళలా బిగుసుకుని ఉంటాయి. రొట్టెలు కాల్చిన తరువాత, ఇంకా వేడిగా ఉన్న పొయ్యిలో వాటిని తెల్లవార్లూ ఉంచితే పొలుసులు విచ్చుకుంటాయి. దులిపితే నల్లని చిన్న గింజలు రాలుతాయి. ప్రవక్త పుట్టినరోజున ఆ గింజలను నూరి, వడగట్టి, పిండితో కలిపి అసీదా అనే తియ్యని జావ వండని ఇల్లు ఈ దేశంలో ఉండదు. హనియా గింజలకు సంతలో ప్రత్యేకమైన పేరుంది. అందరికంటే ఒక కట్టె ఎక్కువ మండించి, గింజకు లోపలిదాకా పొగ వాసన పట్టించడం ఆమె పద్ధతి.

ఒక ఏడు వేసవి చివర కొండకు నిప్పంటుకుంది. హనియా ఇంటి వెనక వాలు ఒక్క మధ్యాహ్నంలో నల్లబడింది. ఆ వాలు హనియా భర్తకూ, అతని తమ్ముడు తిజానీకీ ఉమ్మడిది. భర్త పోయాక కాయలు హనియా కోసుకునేది. మేకలను మేపుకునే తిజానీ, చెట్లున్నంత కాలం ఆ వైపు రాలేదు. బూడిద చల్లారగానే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

“వదినా, కాలింది కాలిపోయింది. వానలు పడితే గడ్డి లేస్తుంది. మేకల్ని పైకి తోలుతాను.”

“మేకలెక్కితే ఇంక అక్కడ చెట్టు రాదు తిజానీ.”

“చెట్టెక్కడుంది రాకపోడానికి? ఉన్నది బొగ్గు.”

గడప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న తరకీ తల ఎత్తలేదు. “మీ నాన్న ఉన్నప్పుడు ఆ కొండెక్కడానికి మేకలకి ధైర్యముండేది కాదు.”

“నాన్న ఉన్నప్పుడు మనకి మేకలు లేవమ్మా. గొప్పలుండేవి.”

తిజానీ చెడ్డవాడు కాడు. వరసగా వచ్చిన కరువుల్లో అతని మేకలు ముళ్ళకంపలు తిని బతుకుతున్నాయి. హనియా సంగతీ అతనికి తెలుసు: ఆ వాలు పోతే ఆమె రాజధాని ట్యూనిస్ వెళ్ళి ఎవరింట్లోనో గిన్నెలు తోముకోవాలి. పొద్దు వాలేదాకా వాదించుకుని ఒక మాటకు వచ్చారు. ఈ వానలూ, రాబోయే వేసవీ గడిచి మళ్ళీ మొదటి వాన కురిసేవరకు మేకలు వాలు ఎక్కవు. ఆనాటికి అక్కడ బతికి ఉన్న పైన్ మొలకలు కనిపిస్తే వాలు చెట్లది. కనిపించకపోతే మేకలది.

మర్నాటి నుంచి హనియాకు నిలకడ లేదు. ఇంటికి దగ్గరగా, చదునుగా ఉన్న కింది సగాన్ని గునపంతో పెళ్ళగించింది. పండుగకు అమ్మడానికి జాడీల్లో దాచిన గింజలన్నీ, ఇంటి అసీదాకు పక్కన పెట్టినవి కూడా, తెచ్చి చాళ్ళలో చల్లింది. మొద్దులు నిలువునా మాడి నిలబడ్డ పై సగం జోలికి పోలేదు. గాలి వీస్తే అక్కడ కొమ్మలు విరిగి పడుతున్నాయి.

వానలు మంచిగానే పడ్డాయి. పండుగ వచ్చింది. ఊరంతా నల్లని అసీదా మీద బాదం పలుకులు పేర్చుకుంటుంటే, తరకీ ముందు తెల్లని గోధుమ జావ పెట్టింది హనియా.

“ఇదేమిటి?”

“ఈ ఏటికి ఇదే అత్తా. గింజలు మట్టిలో ఉన్నాయి.”

“మట్టి బాగా తింటోందా మరి?”

హనియా తెలుసుకోవాలనుకుంటున్నదీ అదే. రోజూ తెల్లారకముందే వాలెక్కేది. నిన్న చూసిన చాలునే మళ్ళీ చూసేది. వేలితో మట్టి కదిపి, గింజ కనిపిస్తే కప్పేసి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి తీసి చూసేది. ఇంట్లో పిండి కలుపుతూ కలుపుతూ చేతులు కడగకుండానే వెళ్ళిన రోజులున్నాయి. చలి ముదిరింది. కలుపు మొలిచింది, పైన్ మొలవలేదు. ఒక ఉదయం గింజనొకదాన్ని ఇంటికి తెచ్చి గడప మీద రాయితో చితక్కొట్టింది. లోపల పప్పు గోధుమరంగులోకి తిరిగి, పొడిపొడిగా రాలింది.

తరకీ ఆ పొడిని వేలికి అద్దుకుని వాసన చూసింది. “పొయ్యిలో కాలిన గుడ్డుని కోడి కింద పెట్టి, పిల్ల రాలేదంటున్నావే నువ్వు.”

హనియా రాయి పక్కన పెట్టేసింది. తన గింజలకు అంత పేరు తెచ్చిన ఆ పొయ్యి వేడే వాటిని చంపిందని అప్పటికి అర్థమైంది.

“ముందే చెప్పొచ్చుగా అత్తా.”

“నాకు మాత్రం ఏం తెలుసు? నేను పుట్టాక ఆ చెట్టుని నాటినవాళ్ళెవరూ లేరు. దానంతటది వచ్చేది, మనం కోసుకునేవాళ్ళం. గింజంటే తినేదనే అనుకున్నాం.”

సంతలో ఎవరిని అడిగినా పొయ్యి చూడని గింజ దొరకలేదు. హనియా రాత్రీ పగలూ ఆలోచించింది, తిండి తగ్గించింది, ట్యూనిస్‌లో ఉన్న పిన్నికూతురు ఇంటి చిరునామా కనుక్కుంది. వసంతం వచ్చింది. ఆ రోజుల్లోనే తిజానీ కంచరగాడిదను తోలుకుని పై సగానికి వెళ్ళి, మాడిన మొద్దులను బొగ్గుల వాళ్ళకోసం కిందికి ఈడ్పించడం మొదలుపెట్టాడు.

“మాటంటే మాటే తిజానీ,” అంది హనియా దారికి అడ్డంగా నిలబడి.

“మేకలెక్కవన్నాను. మొద్దులు మేకలు కావుగా వదినా.”

గాడిద ఆమెను ఒరుసుకుంటూ సాగిపోయింది. వెనక ఈడ్చుకొస్తున్న మొద్దు బెరడులో తడిమట్టి ఇరుక్కుని ఉంది. ఆ మట్టిలో దారమంత కాడ ఒకటి. దాని కొసన గొడుగులా విచ్చుకున్న పచ్చని సూదుల్లాంటి పైన్ ఆకులు. గింజ తొడుగు వాటి చివర టోపీలా ఇంకా అంటుకునే ఉంది. హనియా వంగి దాన్ని తీసుకుంది. వాలు పైకి దాదాపు పరుగెత్తింది.

నల్లని మొద్దుల పాదాల దగ్గర, రాళ్ళ చాటున, బూడిద గట్టిపడ్డ గుంటల్లో అవి ఉన్నాయి. నిలబడితే కనపడవు, మోకాళ్ళ మీద కూర్చుంటే లెక్కకు అందవు. ఎత్తు కొమ్మల్లో ఏళ్ళ తరబడి బిగుసుకున్న కాయలు మంట దాటిపోయాక విచ్చుకుని గింజలను రాల్చుకున్నాయి. మంట తాకి వెళ్ళిపోయింది; ఆమె పొయ్యిలాగా తెల్లవార్లూ కూర్చోలేదు.

తిజానీని చెయ్యిపట్టుకుని లాక్కొచ్చి చూపించింది.

“ఇవా నీ చెట్లు? నా మేకపోతు గడ్డమే ఇంతకంటే ఒత్తుగా ఉంటుంది.”

“మొద్దులు లాగడం ఆపు. ఆ దారి పొడుగునా చచ్చాయి చూడు.”

అతను చూశాడు. ఈడ్చిన దారి నున్నగా, గోధుమరంగులో ఉంది. “సరే, ఆపుతా. కానీ వేసవి నేను ఆపలేను. అది దాటితే అప్పుడు మాట్లాడుకుందాం.”

ఆ వేసవి హనియాను కాల్చుకుతింది. ఎండలు మొదలవగానే, చిన్న గాడిద మీద నీళ్ళ డబ్బాలు వేసుకుని పై సగంలోని పెద్దబండ చుట్టూ ఉన్న మొలకలకు పొయ్యడం మొదలుపెట్టింది. పొద్దున పోసినవాటికే సాయంత్రం మళ్ళీ పోసేది. అవి మిగిలినవాటికంటే ఏపుగా, లేతగా ఎదిగాయి. చుట్టూ గడ్డి కూడా లేచింది. మాడిన కొండ మీద ఆ ఒక్క చోటే పచ్చగా, దూరానికి కనిపించేలా తయారైంది. ఒక మధ్యాహ్నం, తిజానీ చెట్టు నీడన కునుకు తీస్తుండగా, దాహం మీదున్న మేకలు తడి వాసన పట్టుకుని వాలెక్కాయి. హనియా రాళ్ళు విసురుతూ వెళ్ళేసరికి పెద్దబండ చుట్టూ డెక్కల గుర్తులే మిగిలాయి.

తిజానీ సిగ్గుపడ్డాడు, మేకలకు బదులుగా తానే క్షమించమని అడిగాడు. తరకీ మాత్రం కోడలినే పట్టుకుంది.

“నువ్వు మొక్కలకి నీళ్ళు పొయ్యలేదే. మేకలకి పళ్ళెం పెట్టి పిలిచావు.”

“ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?”

“ఊరుకోమనే అంటున్నాను. ఊరుకోవడం నీకు చేతకాదని తెలిసీ అంటున్నాను.”

ఆ రోజుతో హనియా వాలెక్కడం మానేసింది. మానడం అంటే మాటలు కాదు. గోడలకు సున్నం కొట్టింది. అది ఆరకముందే మళ్ళీ కొట్టింది. పరుపుల్లోని ఉన్నినంతా తీసి ఉతికి, కర్రతో బాది, ఆరబెట్టి, కుట్టి, సరిగా లేదని విప్పింది. కుస్కుస్ కోసం శుభ్రంగా ఉన్న రవ్వనే మళ్ళీ మళ్ళీ జల్లించింది. ఎడారి వైపు నుంచి వేడిగాలి వీచిన రోజుల్లో పెరట్లో నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వాలు వంక చూసేది. అక్కడినుంచి చూస్తే రాళ్ళూ మొద్దులూ తప్ప ఏమీ కనిపించదు. ఉన్నాయో పోయాయో తెలియదు. వెళ్ళి చూస్తే చేతులు ఊరుకోవని ఆమెకే తెలుసు. అందుకని శాలువా కొస ముడి వేసుకుని, విప్పుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళేది.

మొదటి వాన ఒక తెల్లవారుజామున కురిసింది. రాళ్ళింకా తడిగా ఉండగానే తిజానీ వచ్చాడు. తాను కూడా వస్తానని తరకీ పట్టుబట్టి కంచరగాడిద ఎక్కింది. “ఒకళ్ళకి మేకలు తప్ప ఏవీ కనపడవు, ఇంకొకళ్ళకి చేతులు ఆగవు. మీ ఇద్దర్నీ నమ్మి పంపనా?” అంది.

హనియా పై సగానికి చేరి వంగి చూసింది. ముందున్న మొదటి మొలక ఎండి, ఎర్రబడి ఉంది. దాని పక్కది కూడా. మూడో దాన్ని ముట్టుకుంటే సూదులు రాలాయి. ఆమె ఇక చూడలేదు, తల తిప్పుకుంది.

వెతికింది తిజానీయే. పుట్టిన దగ్గరనుంచి, బీడు నేలలో మేకకు చాలేంత పచ్చదనం ఎక్కడుందా అని చూసిన కళ్ళు అతనివి. ఏమీ లేదని తేల్చేద్దామనే బయలుదేరాడు గాని, ఆ కళ్ళు అతని మాట వినలేదు.

“ఇక్కడొకటుంది,” అన్నాడు విసుగ్గా. కొంచెం ముందుకు వెళ్ళి, “ఇది కూడా బతికే ఉంది,” అన్నాడు. మొద్దు నీడన వంగి, “ఇక్కడ గుంపు,” అన్నాడు. తరువాత చెప్పడం మానేసి, ఒక కాలు ఎత్తి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఉంచాడు.

“కొంగలా నిలబడ్డావేంరా?” అంది తరకీ గాడిద మీదినుంచి.

“అడుగెయ్యడానికి చోటేదమ్మా.” అతను ఒక రాయి మీదికి గెంతాడు. అక్కడినుంచి వాలంతా కలయజూశాడు. “మేకల్ని వాగవతలకి తోలుకుపోతాను వదినా. అక్కడ నీళ్ళుండవు. ఎండాకాలం మీ తొట్టి దగ్గరికి తెచ్చుకుంటాను.”

“తెచ్చుకో. తాళ్ళు కట్టి తీసుకురా.”

“కడతాలే.”

హనియా అప్పుడు దగ్గరికి వచ్చింది. వానకు ఒక మొలక మొదలు దగ్గర మట్టి కరిగి, సన్నని వేరు కొంచెం బయటపడింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిని అదమడానికి చెయ్యి చాచింది.

“వదినా,” అన్నాడు తిజానీ, “చెయ్యి తియ్యి.”

ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది. దాన్ని శాలువాలోకి లాక్కుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ముగ్గురూ మొద్దులు ఈడ్చిన దారినే కిందికి దిగారు. కాలు మోపడానికి అదొక్కటే ఖాళీగా ఉంది.