గేటు దగ్గర ఆగిపోయే కథలు

సర్దార్ ఆటో ఎంత దూరమైనా పోతుంది గానీ, సర్దార్ చెప్పే కథ మాత్రం చివరిదాకా పోదు. మేళ్లచెరువు నుంచి హుజూర్‌నగర్ దవాఖానకు డయాలసిస్ వాళ్లను తీసుకుపోయే ఆటో అది. ఎప్పుడో కాలం చేసిన ఒక లండన్ రచయిత రాసిన నక్షత్రాల లోకపు నవ్వులాట కథలను దారి పొడుగునా చెబుతాడు. దవాఖాన గేటు రాగానే, అందరూ ఊపిరి బిగబట్టిన చోట ఆపేస్తాడు. చెల్లెలు కౌసల్యకు తోడుగా వచ్చే గుర్వమ్మకు ఆ అలవాటు చూస్తే ఒళ్లు మండేది. ఆమె జన్మలో ఒక్క మాటనూ సగంలో వదిలిన మనిషి కాదు. తిట్టు మొదలుపెడితే అది ఎదుటివాడి మూడు తరాలనూ పలకరించి రావాల్సిందే.

ఆ సగం కథతోనే అతను జగడం గెలవడం ఆమె కళ్లారా చూసింది. ఒకరోజు దవాఖాన కావలి ఎల్లేశం గేటు మూసి, ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆటోలు లోపలికి బంద్! దిగి నడుసుకుంట పోండ్రి."

"వీళ్లు నడుస్తరా అన్నా? జర చూడు."

"రూలంటే రూలే."

గుర్వమ్మ కొంగు బిగించి నోరు తెరవబోయింది. ఈలోగా సర్దార్ ఇంజను ఆపి తాపీగా అందుకున్నాడు. "రూలంటే యాదికొచ్చింది. ఒక గ్రహం మీద గేటు ఉన్నదట, గోడ లేదు. జనమంతా పక్కపొంటి పోతుంటే, కావలాయన మాత్రం తాళమేసిన గేటు పట్టుకొని ఏండ్లకేండ్లు నిలబడ్డడు. ఒకనాడు రాజే వచ్చి తాళంచెవి అడిగిండు..."

"అడిగితే?" అన్నాడు ఎల్లేశం.

"ఎండల ఏం చెప్త? లోపల చెప్త."

గేటు తెరుచుకుంది. ఆ తాళంచెవి సంగతి ఎల్లేశానికి ఈనాటికీ తెలియదు. ఇప్పుడు ఆటో కనబడితే చాలు, తనే గేటు తీసి వెనకాల పరుగెత్తుతాడు.

అతని కథలన్నీ సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరెవరో ఆటోలో మరిచిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకంలోవి. అట్ట ఊడిపోతే సర్దార్ సిమెంటు సంచి కాగితంతో కొత్త అట్ట వేశాడు. "నా మొఖం గూడ గన్నిసార్లు చూడలే," అంటుంది అతని భార్య లాడ్లీ బేగం.

ముగింపు రాబట్టాలని గుర్వమ్మ ఒకసారి సర్వపిండి చేసి తెచ్చింది. అతను గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "ఉప్పు జర తక్కువైంది పెద్దమ్మా," అన్నాడు. కథ ఊసే లేదు.

"సచ్చినాయన రాతలు ఇంకా చదువుడేందిరా?" అని ఎగిరింది ఆమె.

"ఆయన ఆకాశం గురించి ఏడ రాసిండు పెద్దమ్మా? మనం ఆఫీసుల సుట్టు తిరుగుడు, పెండ్లిళ్లల్ల అలుగుడు రాసిండు. ఎవలూ తన మీద కేసు పెట్టకుండ చుక్కలల్ల పెట్టిండు. గవి మారినయా, ఆయన పాతవడనీకి?"

పోయిన వానాకాలం ఒక పొద్దున కౌసల్య మంచం దిగలేదు. "నేను రాను. ఇగ నన్ను పొడిచింది సాలు," అంది. పోకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. గుర్వమ్మ తిట్టింది, బతిమిలాడింది, మళ్లీ తిట్టింది. వాడకట్టునంతా వణికించే ఆ నోరు చెల్లెలి దగ్గర నాపరాయి మీద పోసిన నీళ్లలా జారిపోయింది.

బయట హారన్ మోగింది. సర్దార్ వాకిట్లోకి వచ్చి, లోపలికి వినబడేలా అన్నాడు. "పోనీ తియ్యి పెద్దమ్మా, పండుకోనియ్యి. పెండ్లికి పిలవలేదని అలిగిన మబ్బు పందిరి మీదికొచ్చింది గదా, గదేం చేసిందో ఇయ్యాల తక్కినోళ్లకు చెప్త."

లోపల మంచం కిర్రుమంది.

"ఓ సర్దారూ! నేనొచ్చేదాక నోరు తెరిచినవంటే చూడు! అక్కా, నా చెప్పులేవే?"

కౌసల్యను మిషను దగ్గర పడుకోబెట్టి వచ్చి, గుర్వమ్మ ఆటోలో అతని వెనక కూలబడింది.

"నిజం చెప్పు. లండనాయన కథలకు ముగింపు ఉన్నదా లేదా?"

"అన్నిటికీ ఉన్నది. ఒకపారి మన ఆటోల వచ్చే లింగస్వామి కాకకు మొత్తం చెప్పిన. కడుపుబ్బ నవ్విండు. తర్వాత పోవాల్సిన రోజున దవాఖానకు రానని కూసున్నడు. ఆయన్ను మళ్ల ఆటో ఎక్కియ్యనీకి నా తాతలు దిగొచ్చిండ్రు."

తిట్టబోయిన గుర్వమ్మ నవ్వేసింది. అలాంటి అదను మళ్లీ దొరకదని సర్దార్ వెనక్కి తిరిగాడు.

"వచ్చే వారం నాకు కంటి ఆపరేషన్. ఆటో మా బామ్మర్ది ఫైసల్ నడుపుతడు. వాని నోట్ల పాన్ తప్ప మాట ఉండది. కథ నువ్వే చెప్పాలె."

"నాకు ఇంగ్లీషేడొస్తదిరా? మూడో తరగతి దాటలే."

"లండనాయనకు తెలుగొచ్చా? మీ గల్లీ లొల్లులే చుక్కలల్ల పెట్టి చెప్పు."

"గట్లయితే మస్తున్నయి," అంది ఆమె కొంగు సర్దుకుంటూ. "ఎనుకింటి మైసమ్మ ముచ్చటే నెలంతా నడుస్తది."

"నడుస్తది. గని ఒక్కటే... నీకు కష్టమైతదేమో."

"నాకేం కష్టంరా?"

"గేటు రాంగనే నోరు మూసుకోవాలె, పెద్దమ్మా."