పాలు తాగిన కొండ

జీతం గోరంత, ధైర్యం శేషాచలమంత ఉన్న వయసొకటి నాకూ ఉండేది. తిరుపతిలో ఓ లాడ్జిలో గదుల తాళాలిచ్చే గుమాస్తాగా ఉంటూ, యాత్రికులందరూ నన్ను చూడటానికే వస్తున్నారనుకునేవాణ్ణి. ఆ ఏడే మా నాయన గూడ్సు రైలు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నవాడు అట్లాగే ఉండిపోయాడు. (చివరికి గోడకే విసుగొచ్చి సున్నం రాల్చింది.) పెడితే తినేవాడు, పిలిస్తే చూసేవాడు, మాట మాత్రం లేదు.

ఆయన చేత ఒక్క మాటైనా పలికించాలని, మంచమంత చెక్క మీద బొమ్మ రైలు పట్టాలు పరిచి, పాకాల దారిలో ఆయన రోజూ దాటిన కొండమలుపును కట్టడం మొదలుపెట్టాను. బండలకు వాగులో ఏరిన పలకరాళ్లు, చరియలకు చింతబెరడు, పొదలకు ఎండిన నాచు. ఆ కొండ ఎర్రటి రంగు కోసం పుట్టమన్ను తడిపి మెత్తాను. అది ఎంత నిజమైన కొండంటే, రెండు చీమలు సగం ఎక్కి, ఆయాసపడి దిగిపోవడం కళ్లారా చూశాను.

"ఈ మన్ను యాడిదిరా?" అంది అమ్మ. "పుట్టది, అమా" అన్నాను. అంతే, లెంపలేసుకుని పక్కింటి అత్తకు చెప్పింది. అత్త వీధికంతా చెప్పింది. డ్యూటీ దిగి వచ్చేసరికి నా కొండకు పసుపు, కుంకుమ, చుట్టూ చెప్పులు విడిచిన ఆడవాళ్లు. "పుట్టమన్నుతో ఆటలాడతావా అబ్బీ? పాలు పొయ్యకుంటే ఇంటికి మంచిది కాదు" అని అత్త చెంబెత్తింది. "అత్తా, అది పుట్ట కాదు, కొండ!" అని అరిచాను. "కొండైతే ఇంగా మంచిది. పెద్ద సెంబు తేండమ్మా!"

పాలు పడ్డాయి. నెలల తరబడి కట్టిన కొండ కరిగి పట్టాల మీదికి పారింది. చేతిలో తాళాలగుత్తితో నిలబడిపోయాను.

అప్పుడు గోడ దగ్గర కుర్చీ కిర్రుమంది. నాయన లేచి వచ్చి, పాలు కోసిన చారలను, మట్టిలోంచి బయటపడ్డ బండలను వంగి చాలాసేపు చూశాడు. "ఇప్పుడుండాది రా అసలు కొండ. వాన పడినాక ఇట్లే ఉంటాది" అన్నాడు. పట్టాల మీది బురద తుడిచి, బొమ్మ రైలుకు కీ ఇచ్చి వదిలాను. మలుపు తిరుగుతుండగా ఆయన వేలు అడ్డం పడింది. పట్టా మీద చింతగింజంత రాయి జారి ఉంది. ఇంతమందిలో ఒక్కరమూ చూడలేదు. దాన్ని తీసి పక్కన పెట్టి, ఇంకేమైనా జారుతుందేమోనని కొండపైకి చూసి, నోటితో సన్నగా కూత వేశాడు. "ఊ, పోనీ."

"సూస్తిరా, పాలు పోస్తే పలికినాడు!" అంది అత్త. (బతికున్నన్నాళ్లూ అదే చెప్పింది. కాదనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.)

నాయన పోయి చాలా ఏళ్లయింది. పసుపు మరకతో సహా ఆ కొండ మా ఇంట్లోనే ఉంది. ఎప్పుడైనా రైలు వదిలితే, ఆ మలుపు దగ్గర ఈ బట్టతల పెద్దమనిషి వేలు దానంతటదే అడ్డం పడుతుంది. పట్టా మీద రాయేమీ ఉండదు. అయినా ఓసారి పైకి చూసి, కూత వేసి, పోనిస్తాను.