బూడిదగొంతు పిట్ట పాడిన పరాయి పాట

చావబోయే పిట్టపిల్లకి తోడు చూపించడం తప్పేనా? ఇంత వయసొచ్చినా పిట్టలత్తకి దీనికి జవాబు తెలియదు.

పక్షుల ఆసుపత్రిలో పంజరాలు కడిగే ఆమెని అందరూ పిట్టలత్త అనేవాళ్లు. ఇంటికెళ్తే ఫినాయిల్ వాసనకి మనవరాలు ముక్కు మూసుకునేది. గాలివానకి కూలిన చెట్టు తొర్రలో దొరికిన బూడిదగొంతు పిల్లని ఆమె చేతిలోనే పెట్టారు.

పసుపుగొంతు పిట్టకీ దీనికీ గొంతు రంగూ పాటా గూడూ తప్ప తేడా లేదు. పసుపుగొంతువి చూరు కిందా, మీటరు పెట్టె వెనకా, ఎక్కడపడితే అక్కడ గూడు కట్టేస్తాయి. వాటిని లెక్కపెట్టే నాథుడే లేడు. బూడిదగొంతుకి మాత్రం ముసలిచెట్టు తొర్రే కావాలి. చెట్లు పోయాయి, వాటితో అవీ పోయాయి. దాని పంజరానికి ఎర్ర చీటీ కట్టారు: అంతరించిపోతున్న జాతి.

పిల్ల మేతకి ఎంతకీ నోరు తెరవలేదు. ఆమె గోడవారనున్న పసుపుగొంతుల పంజరాన్ని ఈడ్చుకొచ్చి పక్కన పెట్టింది. వాటి గోల వినగానే పిల్ల నోరు తెరిచింది.

"బతికావురా నాయనా!"

ఆ తర్వాత రోజూ ఇంటికెళ్లేముందు ఆమె చిన్నగా ఈల వేసేది. వాడు కిచకిచమని బదులిచ్చేవాడు.

మరుసటేడు వాడికి గొంతు విచ్చుకుంది. పాడింది పసుపుగొంతు పాట.

"వీడి పాట ఇది కాదత్తా," అంది డాక్టరమ్మ. అసలు పాట స్పీకర్లో వినిపించారు. వాడు చెవిన పెడితేగా! ఎక్కడినుంచో ఆడపిట్టని తెచ్చారు. వాడు గొంతు చించుకుని పాడాడు. అది వీపు తిప్పి ఈకలు దువ్వుకుంది.

"మీవాడి సంబంధం తప్పిందటగా అత్తా?" అన్నాడు వాచ్‌మన్.

"నీకేమన్నా తొలిసారే కుదిరిందేంట్రా?" అంది.

చివరికి డాక్టరమ్మ ఆమెని కూర్చోబెట్టి చెప్పింది. "వీణ్ణి అడవిలో వదల్లేం. అక్కడ మిగిలిన కాసిని పిల్లలూ వీడి పాటే పట్టుకుంటాయి. వెనక గదిలో ఒక్కణ్ణీ ఉంచి, అసలు పాటొక్కటే వినిపిద్దాం. నువ్వూ ఈల వెయ్యకూడదు."

"ఆ పంజరం పక్కన పెట్టింది నేనేనమ్మా."

"పెట్టకపోతే చచ్చిపోయేవాడు."

"పెట్టాక?"

డాక్టరమ్మ వెనక గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

వెనక గదికి ఆమే మోసుకెళ్లింది. నీళ్లు మార్చింది, పురుగులు వేసింది. వాడు ఊచల దగ్గరికొచ్చి, తల పక్కకి వాల్చి, ఈల కోసం చూశాడు. ఆమె పెదవులు దగ్గరికొచ్చాయి. మళ్లీ బిగించుకుంది.

రేపటి నుంచి రానని ఎవరికీ చెప్పలేదు. తాళంచెవి మేకుకి తగిలించి, వాడికి అడుగుల చప్పుడు వినపడకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, గేటు దాటి వెళ్లిపోయింది.